అశనిగిరి పాదముద్రలు

కొండ మలుపు తిరగగానే గాడిదలు రెండూ కాళ్ళు బిగించి నిలబడిపోయాయి. ఎదురుగా పచ్చిక బయలు మధ్య ఒంటరి ఇప్పచెట్టు నిలువునా చీలి, ఇంకా పొగ కక్కుతోంది. దాని చుట్టూ గొర్రెలు పడి ఉన్నాయి. వాటి ఒంటి మీద గాయం లేదు, నేల మీద నెత్తురు లేదు. మేస్తూ మేస్తూ నిద్రలోకి జారిపోయినట్టున్నాయి.

"ఇది పులి పని కాదు," అన్నాడు అంకన్న, జారిపోతున్న ఉప్పు బస్తాని గాడిద వీపు మీద సవరిస్తూ. "పులి ఒకదాన్ని చంపి తింటుంది. మందనంతా చంపి, ఒక్కదాన్నీ ముట్టకుండా పోయాడంటే వాడు మనిషే. వాడికి మంత్రాలు కూడా వచ్చుండాలి."

"మంద అంతా చావలేదు మావా. అటు చూడు."

నిజమే. చెట్టుకి అంతే దగ్గరలో కొన్ని గొర్రెలు బతికే ఉన్నాయి. పిడుగు పడినప్పుడు ఎక్కడున్నాయో అక్కడే, కదలడానికి భయపడుతూ వణుకుతున్నాయి. అరిందముడు ఒంగి చూశాడు. చచ్చిన గొర్రెల్లో కొన్నిటి తలలు చెట్టు వైపున్నాయి, కొన్నిటి తోకలు చెట్టు వైపున్నాయి. బతికినవి మాత్రం చెట్టుకి డొక్క చూపిస్తూ అడ్డంగా నిలబడ్డాయి. తేడా కంటికి కనిపించింది కాని బుద్ధికి అందలేదు. ఆలోచించే తీరిక కూడా లేదు. కొండ అవతల కంచు గంటలు మోగడం మొదలుపెట్టాయి.

"మేఘసాక్ష్యం గంటలు!" అంకన్న ముఖం పాలిపోయింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు. "చిన్నదొరా, అమావాస్య దాకా గడువుందన్నారు కదా?"

"మేఘం ముందే వచ్చింది," అన్నాడు అరిందముడు. పడమట దిక్కున నల్లటి మబ్బు పైకి పైకి పెరిగి, కొసన కమ్మరి ఇనుము సాగగొట్టే దాగలిలా చదునుగా పరుచుకుంటోంది. "పద. ఇప్పట్నించి మళ్ళీ అల్లుణ్ణి."

అరిందముడు ఉప్పు వర్తకుడు కాడు, సముద్రతీరాన ఉన్న నీలగర్భ రాజ్యానికి యువరాజు. అంకన్న ఒకప్పుడు అడవి దారుల్లో బాటసారుల్ని దోచినవాడు, ఇప్పుడు ఆ యువరాజుకి కుడిభుజం. వాళ్ళు వెళ్తున్నది శంపావతీ నగరానికి. అక్కడ రాణి వకుళమాలిక, అరిందముడి అక్క, చెరలో ఉంది. భర్త మృగాంకవర్మ తాగే పాలలో విషం కలిపిందని ఆమె మీద నింద. రాజు తాగేముందు అలవాటుగా పెంపుడు ముంగిసకి రెండు చుక్కలు పోశాడు. ముంగిస చచ్చింది, రాజు బతికాడు.

శంపావతిలో రాజద్రోహానికి విచారణ ఉండదు. నింద పడినవాళ్ళని గాలివాన వేళ అశనిగిరి శిఖరం మీద నిలబెడతారు. పిడుగు తీసుకుపోతే దోషి, వదిలేస్తే నిర్దోషి. మేఘం ఇంతవరకూ ఒక్కరినీ వదల్లేదు. ఆస్థాన మాంత్రికుడు అశనిభట్టు ఎన్నడూ తప్పు మనిషిని కొండెక్కించలేదనడానికి అదే సాక్ష్యమని జనం చెప్పుకుంటారు.

*

శంపావతి అందమైన నగరం. నల్లరాతి గోడల మీద రాగి పెంకుల కప్పులు, ఏళ్ళ తరబడి వానలకి నానిన ఆ రాగి మీద చిలకపచ్చ కిలుం. వీధుల పొడవునా తెల్లగన్నేరు పొదలు. కప్పుకంటే ఎత్తు పెరగనిచ్చిన చెట్టు ఊరంతా వెతికినా ఒక్కటి కనబడదు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కూడా కళ్ళకి కాటుక దట్టంగా, చెవుల దాకా లాగి పెట్టుకుంటారు. అందుకు కారణం కోటవాకిలి దగ్గర తెలిసింది.

"వానలు ముంచుకొస్తుంటే ఉప్పమ్మొచ్చారా?" అన్నాడు ద్వారపాలకుడు, బస్తాలోకి ఈటె గుచ్చి చూస్తూ. "ఏ ఊరి తెలివిరా ఇది?"

"తడవకముందే అమ్మేసుకుందామనే కదా బాబూ పరుగెత్తుకొచ్చాం," అన్నాడు అంకన్న. "మా అల్లుడు దార్లో కనిపించిన ప్రతి పువ్వు దగ్గరా ఆగాడు. మా అక్క గారాబం చేసి చెడగొట్టింది. ఒరేయ్ అల్లుడూ, నోరు తెరుచుకుని ఏంట్రా చూస్తావు? అయ్యగారికి దణ్ణం పెట్టు!"

ఈ వేషంలో అంకన్నకి బాగా నచ్చిన సంగతి ఇదొక్కటే, యువరాజుని పదిమందిలో తిట్టచ్చు.

అరిందముడు చేతులెత్తబోతుండగా ఆకాశం తెల్లగా వెలిగింది. ఆ వెనకే ఉరుము దొర్లింది. అంగడి వీధి మొత్తం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. తూకం వేస్తున్నవాడు తక్కెడ పట్టుకునే ఎదుటివాడి కళ్ళలోకి చూశాడు. బిడ్డకి పాలిస్తున్న తల్లి పక్కింటావిడ కళ్ళలోకి చూసింది. ఒక్కరి రెప్పా కదల్లేదు. ఉరుముకి రెప్ప వేసినవాడి మనసులో పాపం ఉన్నట్టని ఆ ఊరి నమ్మకం. పసితనం నించీ కళ్ళు తెరిచి ఉంచడం సాధన చేస్తారు. రెప్ప కదిలిందో లేదో దూరానికి కూడా తెలియాలనే ఆ కాటుక.

అంకన్న రెప్ప వేశాడు.

ఈటె మొన అతని గొంతుకి తగిలింది. "వేశాడు! నేను చూశాను! ఏం దాచావురా?"

"ఉరుముకి రెప్ప వెయ్యకుండా ఉండేది చేప ఒక్కటే బాబూ," అన్నాడు అంకన్న, మెడ వెనక్కి వంచి. "అది సరే. నా కళ్ళు తమరు చూశారు. తమరి కళ్ళు ఎవరు చూశారు?"

ద్వారపాలకుడు పక్కనున్నవాడి వైపు తిరిగాడు. "నువ్వు చూశావుగా?"

"నేను వీధి వైపు చూస్తున్నాను," అన్నాడు రెండోవాడు. అని ఒక అడుగు దూరం జరిగాడు. "నావి నువ్వు చూశావా?"

ఇద్దరూ ఒకరినొకరు కొత్తగా చూసుకుంటుండగా వెనక నించి మెత్తటి నవ్వు వినిపించింది. సన్నగా, పొడుగ్గా, బూడిదరంగు పట్టుపంచె కట్టుకున్న మనిషి పల్లకీ దిగి వస్తున్నాడు. అతను నడిచే తీరు అరిందముడికి ముందు కంటబడింది. చిన్న చిన్న అడుగులు, ఒక పాదం నించి ఇంకో పాదం దూరం జరగకుండా, నేలకి అంటించినట్టు వేస్తున్నాడు.

"పరదేశులా? మంచిది," అన్నాడు అశనిభట్టు. "మేఘసాక్ష్యానికి సాక్షుల వలయంలో ఒక పరదేశి ఉండాలి. ఈ ఊరివాడి కళ్ళని ఈ ఊరు నమ్మదు. ఆ కుర్రవాణ్ణి పైకి తీసుకురండి. మావగారు వంతెన దగ్గర కూర్చుని చూస్తారు."

చెరసాల ఎక్కడో ఎలా కనుక్కోవాలా అని దారంతా ఆలోచించిన మనిషిని ఇప్పుడు భటులే అక్క దగ్గరికి తీసుకుపోతున్నారు. అరిందముడికి నచ్చనిది అదే.

*

శిఖరానికి ఒకటే దారి. లోయ మీద వేలాడే నారతాళ్ళ వంతెన. ఇనుము పైకి తేకూడదని కట్టడి. భటులు ఈటెలు ఇవతలే వదిలి, వెదురు కర్రలు పట్టుకుని దాటారు.

పైన ఒకే ఒక్క బండ. ఏనుగుల గుంపు పడుకోగల వెడల్పు, చెట్టూ చేమా లేదు. దాని నడిమధ్య వజ్రస్తంభం. ఆకాశాన్ని గీరుతున్నంత ఎత్తైన టేకు దూలం, కొసన రాగి మొగ్గ, మొగ్గ నించి కింది దాకా దిగిన రాగి పట్టీ. స్తంభం చుట్టూ గుండ్రంగా రాతిలో పాదముద్రలు చెక్కి ఉన్నాయి, రెండేసి పాదాలు ఒకదానికొకటి అంటుకుని. వలయం లోపల, స్తంభానికి దగ్గరగా, ఒక్క జత మాత్రం వేరుగా ఉంది. ఒక పాదం స్తంభం వైపు ముందుకి, రెండోది ఒక పెద్ద అంగ వెనక్కి. సత్యం వైపు అడుగు వేస్తున్న మనిషి గుర్తులవి అని పెద్దలు చెప్తారు. నింద పడ్డవాళ్ళు వాటిలో నిలబడాలి.

వకుళమాలిక వాటిలోనే నిలబడి ఉంది. చేతులు జోడించి, జుట్టు విరబోసుకుని, చెరలో చిక్కిన ముఖంతో. తమ్ముణ్ణి చూసింది. చూపు ఆగలేదు, ముఖంలో ఏమీ కదల్లేదు. రాయిని చూసినట్టు చూసి తల తిప్పుకుంది.

ఆమెకి ఎదురుగా, వలయంలో, మృగాంకవర్మ. అందమైన మనిషే. కాని ఎవరో వెనక నించి పిలుస్తారేమో అన్నట్టు మెడ ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఆ ఒరిగిన చెవి దగ్గరే అశనిభట్టు ఎప్పుడూ నిలబడతాడు. ఇప్పుడూ అక్కడే ఏదో గుసగుసలాడి, తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, వంగి, బెత్తంతో చీలమండలు దగ్గరికి నెట్టసాగాడు.

"పాదాలు కలపండి మంత్రిగారూ. గుర్తు దాటకండి. సేనాపతీ, మీరూ."

అరిందముడి దగ్గర కొంచెం ఎక్కువసేపు వంగాడు. "కాళ్ళు దగ్గరగా," అన్నాడు పైకి. తర్వాత, తల ఎత్తకుండానే, నెమ్మదిగా, "నీలగర్భలో కుదురుగా నిలబడ్డం నేర్పలేదా, యువరాజా?"

అరిందముడి చెయ్యి లేని కత్తి కోసం నడుము దగ్గరికి వెళ్ళింది.

"అక్క పోలికలు ఉప్పు బస్తాల వెనక దాగవు. భయపడకు. నువ్వు బతికి ఉండాలి. అక్క పోగానే, తమ్ముడు మారువేషంలో దొరికాడని రాజుకి చూపించాలి కదా. మీ రాజ్యం మీదికి దండెత్తడానికి అంతకంటే ఏం కావాలి?" భట్టు లేచి దుమ్ము దులుపుకున్నాడు. "అన్నట్టు, ఆ రాత్రి పాలు కాచింది ఎవరని అక్కని అడిగావా? అడగలేదు. కబురు వినగానే గుర్రమెక్కావు. ఆ గిన్నె ఆవిడ చేతుల్లోంచే వచ్చింది నాయనా. అది మాత్రం నేను కల్పించింది కాదు."

చిన్న చిన్న అడుగులతో వెళ్ళిపోయి, వలయంలో రాజుకి దూరంగా ఉన్న తన గుర్తుల్లో నిలబడ్డాడు.

అరిందముడి చూపు అక్క చేతుల మీదికి వెళ్ళింది. తనకి ఈత నేర్పిన చేతులు. అలలోకి తోసి, మళ్ళీ జుట్టు పట్టి పైకి లాగిన చేతులు. ఆ చేతుల్లో విషపు గిన్నెని ఊహించుకోవడానికి ఎంత కష్టపడాలో చూద్దామనుకున్నాడు. ఏమాత్రం కష్టం కాలేదు. అతను భయపడింది అప్పుడు.

*

మబ్బు కొండమీదికి వచ్చింది. ముందు చల్లగాలి కొట్టింది, తర్వాత పెద్ద పెద్ద చినుకులు, వాటితోపాటు ఏరుకుని తినేంత వడగళ్ళు. మబ్బు పొట్టలో వెలుగు పాములా మెలికలు తిరుగుతోంది. మెరిసిన తర్వాత ఉరుము వినడానికి మొదట్లో చాలాసేపు ఊపిరి బిగబట్టాల్సి వచ్చేది. ఇప్పుడు బిగబట్టకముందే వినిపిస్తోంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య ఎడం తగ్గుతోందంటే నిప్పు దగ్గరికి నడిచి వస్తోందని అర్థం. ఓడ మీద తిరిగిన నీలగర్భవాళ్ళకి ఆ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు.

వడగళ్ళు బండ మీద ఒకదాన్నొకటి రాసుకుంటూ దొర్లుతున్నాయి. పైన మబ్బులోనూ ఇలాగే రాసుకుంటాయట. చలిరోజున కంబళి లాగితే చిటపట నిప్పురవ్వలు రేగినట్టు, ఆ రాపిడికి మబ్బు నిండా నిప్పు పోగవుతుందని నీలగర్భ ఓడ నాయకులు చెప్పేవాళ్ళు. పోగైన నిప్పు నేలలోకి దారి వెతుకుతుంది. ఎత్తుగా నిలబడ్డ దాన్ని ముందు పట్టుకుంటుంది. అందుకే నీలగర్భ కోట బురుజుల మీద రాగి మొగ్గలుంటాయి, వాటి నించి రాగి పట్టీ దిగి బావి నీళ్ళలో మునుగుతుంది.

అరిందముడు వజ్రస్తంభం మొదలు వైపు చూశాడు. రాగి పట్టీ బండ దాకా వచ్చి ఆగిపోయింది. లోపలికి దిగలేదు.

మరి నిప్పు ఎక్కడికి పోతుంది?

తడిసిన బండ మీద వాన చినుకు పడి, నీటి మడుగులో గుండ్రటి అల లేచింది. దాని చుట్టూ ఇంకో అల. ఇంకోటి. స్తంభం మొదట్లో పడ్డ నిప్పు కూడా ఇలాగే బండ మీద గుండ్రంగా పరుచుకుంటుంది, మధ్యలో ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. రెండు పాదాలూ ఒకే అల మీద ఉన్నవాడి ఒంట్లోకి నిప్పు ఎక్కాల్సిన పని లేదు. ఒక పాదం లోపలి అల మీద, ఒక పాదం బయటి అల మీద ఉంటే, ఒక కాలు ఎక్కి గుండె మీదుగా రెండో కాలు దిగిపోతుంది. చెట్టుకి తలో తోకో పెట్టి నిలబడ్డ గొర్రెలు చచ్చాయి. అడ్డంగా నిలబడ్డ గొర్రెలు బతికాయి.

"అక్కా!" అరిచాడు. "కాళ్ళు దగ్గరికి తియ్! చంపుతున్నది మేఘం కాదు, ఆ గుర్తులు!"

వలయంలో గగ్గోలు లేచింది.

"అక్కా?" మృగాంకవర్మ మెడ నిటారుగా లేచింది. "ఎవరికి అక్క? ఎవడు వీడు?"

"చూశారా ప్రభూ," అన్నాడు భట్టు విచారంగా. "విషం ఒక్కరి చేతిది కాదని నేను మనవి చేస్తూనే ఉన్నాను."

వకుళమాలిక పాదం తియ్యలేదు. "నేను అడుగు వెనక్కి తీస్తే నేరం ఒప్పుకున్నట్టే తమ్ముడూ," అంది. "ఆ కర్రలతో ఇక్కడే చంపుతారు. పిడుగుకైతే కనీసం నా మీద కోపం లేదు."

భటులు కర్రలెత్తారు. అరిందముడికి ఒక్క సంగతి తోచింది. ఈ రాజుకి నిజం చెప్పి లాభం లేదు. నిజాన్ని వినే చోటు ఆ మనసులో ఎప్పుడో మూసుకుపోయింది. అనుమానానికి మాత్రం ఎప్పుడూ తలుపు తెరిచే ఉంటుంది.

"మహారాజా!" అన్నాడు. "నన్ను తర్వాత చంపండి. ముందు భట్టుగారిని ఆ గుర్తుల్లో నిలబడమనండి. ఆయన కంటే సత్యవంతుడు మీ రాజ్యంలో ఉన్నాడా? మేఘం ఆయన్నేం చేస్తుంది?"

మృగాంకవర్మ నెమ్మదిగా భట్టు వైపు తిరిగాడు. "నిజమే. నిలబడు భట్టూ. చూద్దాం."

"నింద నా మీద లేదు ప్రభూ."

"ఇప్పుడుంది."

స్తంభం కొసన ఏదో పాడటం మొదలుపెట్టింది. తేనెటీగల తుట్టెలో నించి వచ్చేలాంటి చప్పుడు. రాగి మొగ్గ చుట్టూ నీలిమంట వెలిగింది, ఏదీ కాలకుండా. అందరి జుట్టూ గాలి లేకుండానే పైకి లేచింది. గాలిలో ఘాటైన, ఎవరికీ పేరు తెలియని వాసన. భట్టు ముఖం తెల్లగా అయింది కాని పాదాలు వెంట్రుకవాసి కదల్లేదు.

"నీకు భయమా?" రాజు గొంతు కీచుమంది. "ఏళ్ళ తరబడి నా చెవిలో... నీకు భయమా?" మనిషి ఒక్కసారిగా గుర్తుల్లోంచి బయటపడి, భట్టు మెడ పట్టుకోవడానికి స్తంభం పక్కగా పెద్ద పెద్ద అంగలతో దూకాడు.

"అడుగు వెయ్యకండి!" అని అరిందముడు అరిచాడు. తర్వాత, "అక్కా! కూర్చో! పాదాలు కలిపి ముడుచుకో!"

వకుళమాలిక తమ్ముడి కళ్ళలోకి చూసింది. అంతే, నిలబడ్డచోటే పాదాలు దగ్గరికి లాక్కుని పిట్టలా ముడుచుకుపోయింది.

లోకం తెల్లగా అయిపోయింది.

*

చూపు తిరిగొచ్చేసరికి స్తంభం మీద పొగ. మృగాంకవర్మ బండ మీద వెల్లకిలా పడి ఉన్నాడు, ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి, పరుగు మధ్యలో ఆగినట్టు. ఒంటి మీద గాయం లేదు. ఛాతీ కదలడం లేదు.

"రాణి అడుగు తీసింది!" భట్టు గొంతు అందరికంటే ముందు తేరుకుంది. "ఆమె తప్పించుకున్న దండన ప్రభువుకి తగిలింది! ఇంకేం సాక్ష్యం కావాలి? కొట్టండి!"

ఎవరూ కదలకముందే వకుళమాలిక పాక్కుంటూ వెళ్ళి రాజు గుండె మీద చెయ్యి వేసింది. వలయం మొత్తం హాహాకారం చేసింది. పిడుగు తిన్న దేహంలో నిప్పు మిగిలి ఉంటుందనీ, ముట్టుకున్నవాళ్ళని కూడా తీసుకుపోతుందనీ ఆ దేశంలో అందరికీ తెలుసు. ఎన్నడూ ఎవరూ ముట్టుకుని చూడలేదు. అలా వదిలేసినవాళ్ళలో ఎంతమంది గుండె మళ్ళీ కొట్టుకునేదో మరి.

"అక్కా, మన జాలరుల్లాగా!" అన్నాడు అరిందముడు. నీళ్ళలో మునిగి తేలినవాళ్ళని నీలగర్భ తీరాన అలాగే బతికిస్తారు. ఆమె అప్పటికే మొదలుపెట్టింది. రెండు అరచేతులూ ఛాతీ మీద పెట్టి బలంగా నొక్కుతోంది. ఆగి, ముక్కు మూసి, నోట్లోకి ఊపిరి ఊదుతోంది. మళ్ళీ నొక్కుతోంది.

"గొంతు పిసుకుతోంది! మిగిలిన ప్రాణం తీస్తోంది!" అని భట్టు అరుస్తున్నాడు.

భటులు వచ్చి పడ్డారు. అరిందముడు మొదటివాడి చేతి కింది నించి దూరి, వాడి కర్రే లాక్కుని, వెనకవాడి మోకాళ్ళ మీద కొట్టాడు. వంతెన వైపు నించి పొలికేక వినిపించింది. అంకన్న తన కాపలాదారుణ్ణి చంకలో ఇరికించుకునే పరుగెత్తుకొస్తున్నాడు.

"అల్లుడూ! ఎడంపక్క తలకాయలు నావి! కుడిపక్కవి నీవి! లెక్క తప్పకు!"

"చంకలో వాణ్ణి దింపు మావా!"

"అలవాటైపోయాడు!" అని వాణ్ణి ఎదురొచ్చినవాళ్ళ మీదికి విసిరేశాడు.

తడి బండ మీద మనుషులు జారి పడుతున్నారు, లేస్తున్నారు. కర్రలు కర్రల మీద విరుగుతున్నాయి. అరిందముడు అక్క చుట్టూ గిరికీలు కొడుతూ ఒక్క దెబ్బా ఆమె మీద పడనివ్వడం లేదు. సేనాపతి కర్ర అతని భుజాన్ని విరిచినంత పని చేసింది. అయినా అతను పక్కకి తప్పుకోలేదు. ఆమె తల ఎత్తలేదు. నొక్కుతోంది, ఊదుతోంది. తనని చంపడానికి కొండెక్కించిన మనిషిని ఇంత మొండిగా బతికిస్తోందేమిటని ఒక్క క్షణం అతనికి అనుమానం కూడా వచ్చింది. ప్రేమా? లేక ఇతను బతికితేనే తను బతుకుతుందన్న లెక్కా? ఆ అనుమానానికి సిగ్గుపడే లోపల మరో కర్ర మీదికి వచ్చింది.

అప్పుడు మృగాంకవర్మ దగ్గాడు.

కర్రలన్నీ గాల్లోనే ఆగిపోయాయి. రాజు కళ్ళు తెరిచాడు. పైన, తన ముఖానికి బాగా దగ్గరగా, భార్య ముఖం. ఆమె చేతులు తన ఛాతీ మీద. అతని చూపులో పాత భయం లేచింది. చెయ్యెత్తి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ప్రభూ! ఆమె మిమ్మల్ని చంపబోయింది, మేమంతా చూశాం!" అన్నాడు భట్టు.

"మీ గుండె ఆగిపోయింది. మళ్ళీ కొట్టుకునేలా చేశాను," అంది వకుళమాలిక.

రాజు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. చెవి మీద చెయ్యి పెట్టుకుని తీసి చూసుకున్నాడు. వేళ్ళ మీద నెత్తురు. మంత్రి నోరు కదులుతోంది. సేనాపతి నోరు కదులుతోంది. వాన రాతి మీద పడుతోంది, చప్పుడు లేకుండా.

పిడుగు అతని ప్రాణం వదిలి చెవులు తీసుకుంది.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర నించీ లోకాన్ని చెవులతోనే చూసినవాడు. ఎవరు ఎవరితో ఏమన్నారో, దాన్ని భట్టు తనకి ఎలా చెప్పాడో, అదే అతనికి తెలిసిన లోకం. ఇప్పుడు భట్టు ముఖం ఎర్రబడి, చేతులు ఊపుతూ, పెదవులు ఆడిస్తున్నాడు. గొంతు లేని ఆ ముఖాన్ని రాజు జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత తల తిప్పి భార్యని చూశాడు. ఆమె మాట్లాడ్డం మానేసింది. చేతులు రెండూ గీరుకుపోయి ఉన్నాయి, మోకాళ్ళు చెక్కుకుపోయి ఉన్నాయి, ఊపిరి అందక భుజాలు ఎగసిపడుతున్నాయి.

రాజు చూపు కిందికి దిగింది. బండ మీద అందరూ చెల్లాచెదురయ్యారు. మంత్రులు వలయం వదిలి పరుగెత్తారు. భటులు పడి ఉన్నారు. ఇంత కొట్లాట జరిగినా, ఇన్ని కేకలు వేసినా, ఒకే ఒక్క మనిషి తన గుర్తుల్లోంచి అంగుళం కదల్లేదు. రెండు పాదాలూ ఒకదానికొకటి అంటుకుని అలాగే ఉన్నాయి.

మృగాంకవర్మ భార్య మణికట్టు వదల్లేదు. దాన్నే ఆసరా చేసుకుని లేచి కూర్చున్నాడు. తన గొంతు తనకే వినబడని మనిషి మాట్లాడినట్టు, కొండ అదిరేలా అరిచాడు.

"భట్టూ! ఒక్క అడుగు ముందుకి వెయ్!"

భటులు మెల్లగా తిరిగారు. కర్రల కొసలు రాణి మీద నించి మాంత్రికుడి వైపు మళ్ళాయి.

భట్టు నోరు తెరిచాడు. వినేవాడు లేడని గుర్తొచ్చి మూశాడు. సరిగ్గా అప్పుడే స్తంభం కొసన తేనెటీగలు మళ్ళీ పాడటం మొదలుపెట్టాయి. వెంట్రుకలు మళ్ళీ లేచాయి. భట్టు పట్టుపంచె మోకాళ్ళ పైకి ఎగగట్టాడు. రెండు పాదాలూ కలిపి, గెంతాడు. మళ్ళీ గెంతాడు. ఆస్థాన మాంత్రికుడు, ఊరంతా పేరెత్తడానికి భయపడే మనిషి, కోతులాడించేవాడి కోతిలా గంతులు వేస్తూ వంతెన వైపు పోతున్నాడు.

అంకన్న పగలబడి నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "చిన్నదొరా! వాడు అవతలికి దాటి తాళ్ళు విప్పేస్తే మనం ఇక్కడే! ఈ మబ్బు కిందే, అక్కగారితో సహా!"

"అక్కా, ఆయన్ని ముడిచి కూర్చోబెట్టు! అందరూ కూర్చోండి! పాదాలు కలపండి!"

ఈసారి ఎవరూ ఎదురు మాట్లాడలేదు. సేనాపతి అందరికంటే ముందు కూర్చున్నాడు. వకుళమాలిక చెవిటి భర్త మోకాళ్ళని తన రెండు చేతులతో దగ్గరికి మడిచి, పక్కనే ముడుచుకుని, తమ్ముడి వైపు చూసింది. వద్దు అన్నట్టు తల ఊపింది.

భట్టు వంతెన మొదటి పలక మీద కాలు మోపాడు.

"గెంతు దొరా! నువ్వు కూడా గెంతు!" అంకన్న పాదాలు కలిపి ముడుచుకుని అరుస్తున్నాడు.

గెంతితే అందడు. ఒంటి మీద రోమాలు సూదుల్లా నిలబడ్డాయి, పళ్ళ మధ్య రాగి రుచి తగిలింది, రాళ్ళ అంచుల వెంట నీలిమంటలు వెలుగుతున్నాయి. అరిందముడు స్తంభానికి వీపు తిప్పి, పెద్ద పెద్ద అంగలు వేస్తూ, వంతెన వైపు పరుగెత్తాడు.